గుర్రాలు పట్టుకునే మనిషి

మా పెద్దక్క భర్త, మా బావ, మొన్న ఆదివారం మొయినాబాద్‌లో పోయాడు. చేవెళ్ల మార్కెట్‌లో టమాటాలు అమ్మి కూర్చున్నప్పుడు నా సెల్‌కు కబురొచ్చింది. ఫోన్ చేసినవాడు చుట్టూ తిప్పి చెబుతుంటే, "పానం ఉన్నదా పోయిందా, గది చెప్పు" అని కసిరాను. పోయిందన్నాడు.

నేను చదువుకున్నవాణ్ని కాను. అయినా రాస్తున్నాను. ఆయన్ని పిరికివాడన్న నోళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. ఆయన పిరికివాడు కాడు.

నిజాం రాజ్యం చివరి ఏడు. మనలో మనమే కొట్టుకు చస్తున్న రోజులు. మా ఊళ్ల మీద పడే సిపాయిలు రైల్లో శంకర్‌పల్లి వైపు వచ్చి దిగేవాళ్లు. ఆ పట్టాలు ఊడదీయాలని మా వాళ్లు కొందరు గుర్రాలెక్కి పోయారు. వాళ్లకు పెద్ద మా బావ సొంత అన్నే. అందరూ దిగి పట్టాల మీద పనిచేస్తుంటే, ఒకడు గుర్రాలన్నిటినీ పట్టుకుని గుట్ట మీద పొదల చాటున నిలబడాలి. ఆ పని మా బావది. "ఏమన్న కానీ, పట్టుకున్నోడు ఇడువొద్దు" అని అన్న గట్టిగా చెప్పాడట. గుర్రాలు పోతే మనుషులు దొరికిపోతారు.

పొద్దు గూకే వేళకు పట్టా ఊడింది. అప్పుడే రైలొచ్చింది. సిపాయిల రైలు కాదు. కిటికీల నిండా ఆడవాళ్లు, పిల్లలు. అది గుట్ట మీదున్న మా బావకు కనబడింది, కింద వాళ్లకు కనబడలేదు. అరిస్తే వినబడే దూరం కాదు. కళ్లేలు వదిలేసి, తన గుర్రమెక్కి, ఎర్ర తలరుమాలు ఊపుకుంటూ రైలుకు ఎదురు పోయాడు.

రైలు ఆగింది. గుర్రాలు చెదిరిపోయాయి. రైల్లోని పోలీసులు దిగి తరిమితే తక్కినవాళ్లు జొన్నచేలల్లో పడి తప్పించుకున్నారు, అన్న దొరికాడు. నిజాం రాజ్యం పోయేదాకా జైల్లో ఉండి కుంటుకుంటూ బయటికొచ్చాడు. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు. ఒకే ఊరు, ఒకే బావి నీళ్లు, మాట మాత్రం లేదు.

బామ్మర్దిని కదా, నేను గెలికేవాణ్ని. గుర్రాల్ని వదిలిన మొనగాడివి అంటే నవ్వేవాడు. ఒక్కసారి మాత్రం బీడీ ఆర్పి అన్నాడు: "గదే రైలొస్తే మళ్ల ఇడుస్త బామ్మర్దీ. ఎందుకు ఇడిచిన్నో అన్న నన్ను చెప్పనియ్యలె. గదే బాధ."

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాక, సాఫ్ట్‌వేర్ పిల్లలు సెలవు రోజుల్లో మొయినాబాద్ ఫాంహౌజ్‌లకు గుర్రపుస్వారీ నేర్చుకోను రావడం మొదలైంది. ముసలితనంలో మా బావకు మళ్లీ కళ్లెం దొరికింది. ఎవరైనా కళ్లెం గట్టిగా గుంజితే, "జర మెల్లగ సారూ, గది దాని నోరు, నీ కారు బ్రేకు కాదు" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఎండలో ఎంతసేపైనా తాడు వదిలేవాడు కాడు. పక్కవాడికి ఇమ్మంటే వినేవాడు కాడు.

మట్టి చేసే రోజు ఆ ఫాంహౌజ్ వాళ్లు ఆయన సాకిన తెల్ల గుర్రాన్ని పంపారు. తవ్విన బొంద దగ్గర డప్పు చప్పుడుకు అది బెదిరి ముందుకాళ్లు లేపింది. తెచ్చినవాడి వల్ల కాలేదు. దూరంగా కట్టె ఊతంతో నిలబడ్డ పెద్దాయన, అదే ఆ అన్న, కుంటుకుంటూ వచ్చి కళ్లెం అందుకున్నాడు. మెడ నిమిరాడు. గుర్రం నిమ్మళించింది.

అందరం మన్ను వేస్తున్నాం. నేను పిలిచాను. "రా పెద్దబావా. నువ్వే గద ముందుగాల ఎయ్యాలె."

ఆయన కదలలేదు. "పట్టుకున్న గద. నా మన్ను నువ్వెయ్యి" అన్నాడు.

వేశాను. బొంద నిండింది, డప్పు ఆగింది, జనం కాళ్లు కడుక్కోను పోయారు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎండలో అక్కడే ఉన్నాడు. ఊతకట్టె కింద పడి ఉంది. రెండు చేతులతో కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.