ఆకు నీళ్ళు కావే పోరీ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున, మేం అప్పట్లో ఉన్న భవాని పేట్ నుంచి కబురు వచ్చింది. నిద్రలోనే పోయిందట. ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళింది, అదృష్టవంతురాలు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె మంత్రసాని. మా గల్లీలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఎవరింట్లో కాన్పు వచ్చినా ముందు పక్కనున్న పవర్‌లూమ్ ఆపించేది. "పుట్టంగనే గీ మోతనా? పుట్టినంక బతుకంత ఇనేదే గదా!" అనేది. మగ్గాల సేఠ్‌లు కూడా ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అంత నోరు మరి! కొత్త కోడలిగా వచ్చిన నన్ను కూడా వదల్లేదు. నేను చుట్టిన బీడీ చూసి "ఇది బీడీనా, పొట్లమా?" అని గల్లీ అంతా వినేలా నవ్వింది.

నా మొదటి కాన్పు ఎనభైల్లో. నెలలు నిండినా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉన్నాను. నానబెట్టిన తునికాకును తడి గోనెలో చుట్టి తొడ పక్కనే పెట్టుకోవడం మా ఆడవాళ్ళందరి అలవాటు. ఆ రోజు చీర తడిసింది. ఆకు కట్ట కారుతోందనుకుని కాస్త జరిపి మళ్ళీ పనిలో పడ్డాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. అత్త కూడా "ఆకు మంచిగ పిండలే నువ్వు" అని గొణిగింది.

మధ్యాహ్నం పెద్దమ్మ ఏదో పని మీద వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఎప్పటి సంది తడుస్తున్నవే?"

"పొద్దటి సంది, పెద్దమ్మా. ఆకు నీళ్ళే."

"ఆకు తీసేస్తే తెలుస్తది. లేవ్!"

కట్టను అవతల పడేయించింది. పొడి చీర కట్టించి, ఉతికిన తెల్ల ధోవతి ముక్క మడిచి పెట్టించింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అదీ తడిసింది. పెద్దమ్మ దాన్ని వెలుతురులో పట్టి చూసింది, వాసన చూసింది. పచ్చటి మరక. ఉమ్మనీరు పోతే ఎట్లాగూ ఆలస్యం చేయకూడదట. పచ్చగా పోతే బిడ్డ కడుపులోనే విరేచనం చేసిందని, ప్రమాదమని అర్థమట.

"ఆకు రంగే అక్కా అది. నొప్పులు రానియ్, నువ్వే చెయ్యరాదా?" అంది అత్త.

"నా చేతుల పని గాదిది. నొప్పుల కోసం కూసుంటే బిడ్డ దక్కదు. చల్, లవ్కర్, జల్ది రిక్షా పిలువున్రి!"

అత్తా పెద్దమ్మా నాతో రిక్షా ఎక్కారు. కుంఠా నాకా చౌరస్తా దాటుతుండగా కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. "లోపల కదులుతలేదు పెద్దమ్మా" అన్నాను.

"పండుకున్నది. నీ లెక్కనే మొద్దు" అంది, నా చెయ్యి వదలకుండా. నేను నమ్మాను. నమ్మకపోతే ఆ దారి ఎట్లా గడిచేదో!

దవాఖానలో వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఇద్దరం దక్కాము. ఆ తర్వాత పెద్దమ్మ గల్లీలో ప్రతి చూలాలికీ చెప్పేది: "నొప్పులు చెప్పి వస్తయి, నీళ్ళు చెప్పక వస్తయి. నెలలు నిండినంక ఆకు దూరం పెట్టుకొని కూసోన్రి." నా తెలివితక్కువతనం అలా అందరికీ పాఠమైంది. నాకేం సిగ్గు లేదు.

ఒక సంగతి మాత్రం అత్త నాకు చాలా ఏళ్ళకు చెప్పింది. లోపలి నుంచి పిల్ల ఏడుపు వినబడగానే పెద్దమ్మ దవాఖాన వరండాలోనే చతికిలబడిందట. ఎవరో చాయ్ తెచ్చి చేతికిస్తే సగం చీర మీదే ఒలికిపోయింది. అన్ని కాన్పులు చేసిన చేతులకు సాసర్ పట్టడం చేతకాలేదు. చివరికి అత్తే ఆమె పక్కన నేల మీద కూర్చుని, గుక్క గుక్కగా తాగించిందట.