రాయికి సెలైన్

ఇది ఒక వీరగాథ. సముద్రాన్ని బస్సు టాపు మీద ఎక్కించి దిల్‌సుఖ్‌నగర్‌లో దించిన మా బాబాయి సాహసం ఇందులో ఉంటుంది. విషవాయువు, కరిగే రాయి, ప్రాణగండం, అన్నీ ఉంటాయి.

అంత లేదు. మేం అద్దెకున్న ఇంట్లో మేడమీది గది, గదిలో ఒక గాజుతొట్టి, తొట్టిలో పిడికెడంత పగడం. మొత్తం సరంజామా ఇదే.

మా సొంతూరు బాపట్ల. బ్యాంకు ఉద్యోగం మీద బాబాయి మా ఇంటికొచ్చాక ఆ సంగతి మరిచిపోయే వీలు లేకుండా పోయింది. తొట్టి నిండేదాకా ఊరి నుంచి ఎవరు బయల్దేరినా ఊరగాయతో పాటు ఒక డబ్బా సముద్రపు నీళ్ళు మోసుకురావాలి. ఎల్బీనగర్‌లో బస్సు దిగిన చుట్టాలు మమ్మల్ని పలకరించే ముందు భుజాలు నొక్కుకునేవాళ్ళు.

పగడాన్ని రామేశ్వరం వైపు నుంచి ఒక స్నేహితుడు పాలక్యానులో తెచ్చిచ్చాడు. ఇది రెండోది. మొదటిది రంగు పోయి సున్నపుముక్కలా మిగిలింది. ఇదీ పోతే జన్మలో సముద్రం మొహం చూడనన్నాడు బాబాయి. సముద్రం బెంగపెట్టుకున్నట్టు మాకేమీ కబురు రాలేదు. కానీ ఆయన నిజంగానే అన్నాడు. అన్నం సగంలో లేచి మేడెక్కి చూసొచ్చే మనిషి ఇలాంటి విషయంలో అబద్ధమాడడు.

పగడమంటే రాయి కాదట, చిన్న చిన్న ప్రాణుల కాపురమట. నీళ్ళలోని కాల్షియంతో ఇల్లు కట్టుకుంటాయట. అప్పట్లో మా కాలనీ అంతా ఇళ్ళు కడుతోంది, ఎవరికీ సిమెంటు దొరకడం లేదు. మా ఇంట్లో పగడానికి కాల్షియం దొరకడం లేదు. మొదటిది అందుకే పోయిందని తేల్చిన బాబాయి, దానికి విదేశాల్లో ఒక యంత్రం ఉందనీ, మనమే చేసుకుందామనీ అన్నాడు. "మనమే" అన్నప్పుడే నాకు నీరసం వచ్చింది.

పక్కవీధిలో మొజాయిక్ గచ్చు వేస్తున్నవాళ్ళని అడిగి పాలరాతి చిప్స్ తెచ్చాం. తెల్లవే పనికొస్తాయి. రోజూ బియ్యంలో రాళ్ళు ఏరే అమ్మ ఆరోజు చేటలో రాళ్ళు పోసుకుని రాళ్ళే ఏరింది. వాటిని బిగుతు మూత గాజు జాడీలో నింపాం. కొత్తపేటలో సోడాలు కొట్టే ఆయన పాత గ్యాసు సిలిండరు ఇచ్చాడు. మలక్‌పేట మందుల షాపులో సెలైన్ గొట్టాలు దొరికాయి. తొట్టినీళ్ళు చెంబుతో తీసి బీరువా మీది డబ్బాలో పొయ్యడం నా పని. అక్కణ్ణించి అవి గొట్టం వెంట జాడీలోకి దిగుతాయి, గ్యాసు బుడగలతో పులుపెక్కి రాతిని కాస్త కరిగించుకుంటాయి, ఇంకో గొట్టంలోంచి చుక్కచుక్కగా తొట్టిలో పడతాయి. నేను వాటిని మళ్ళీ చెంబుతో తీస్తాను.

ఇక శ్రుతి చెయ్యడం. గ్యాసు ఎక్కువైతే తొట్టి అంతా పులిసి పగడంలోని ప్రాణులు లోపలికి ముడుచుకుంటాయి. తక్కువైతే రాయి రాయిలాగే ఉంటుంది. బాబాయి పొద్దున్నే గ్యాసు పెంచి బ్యాంకుకి వెళ్ళేవాడు. నేను కాలేజీ నుంచొచ్చి తగ్గించేవాణ్ణి. సాయంత్రం ఆయనొచ్చి నన్ను తిట్టి మళ్ళీ పెంచేవాడు. వీణకైతే ఈపాటికి తీగలు తెగేవి. పగడం మాత్రం ముడుచుకునే ఉంది. అది ముడుచుకున్నకొద్దీ కాల్షియం చాలడం లేదని ఆయన ఇంకాస్త గ్యాసు వదిలేవాడు.

ఇంటి ఓనరు అక్కడి పాత రైతు. పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి, మిగిలిన చోట ఈ మేడ కట్టాడు. ఒకరోజు నీళ్ళట్యాంకు చూడటానికి పైకొచ్చి మా గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంది సారూ, రాయికి సెలైన్ ఎక్కిస్తున్నరు?"

"రాయి కాదండీ, ప్రాణి," అన్నాడు బాబాయి.

"గట్లనా. మరి ఎప్పుడు లేస్తదంట?"

బాబాయి వంగి గొట్టంలో చుక్కలు లెక్కపెట్టాడు. ఆయన్ని తినేస్తున్న ప్రశ్న అదే.

దసరాకి బాబాయి ఊరెళ్ళాడు. ఆయుధపూజ నాడు అమ్మ సిలిండరుకీ జాడీకీ పసుపుకుంకుమలు పెట్టింది. ప్రసాదానికొచ్చిన ఓనరు అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్యాల మేం నాగలిని సుత పక్కకు పెడ్తం తల్లీ. గీ మిషిన్‌కు జర ఆరాం ఇయ్యి."

అమ్మ గ్యాసు కట్టేసి, చుక్క పడకుండా గొట్టాలు మూసేసింది. తొట్టిలోకి గాలి బుడగలు ఊదే పంపు మాత్రం ఉంచింది, ఊపిరి ఆపడం పాపమని. బాబాయి చంపేస్తాడని నేను మొత్తుకున్నాను. పనిముట్లకి సెలవు లేకపోతే నీకు మాత్రం ఎందుకని అమ్మ నా చేతిలో పుస్తకం పెట్టింది. మర్నాడు నేను గ్యాసు తిప్పబోతే మంగళవారం, ఆపినదాన్ని మంగళవారం మొదలుపెట్టకూడదంది.

బుధవారం బాబాయి దిగాడు. చేతుల్లో నీళ్ళడబ్బాలతోనే మేడెక్కి, చుక్క పడని గొట్టం చూసి, అక్కడే కూలబడ్డాడు.

"వదినా, దీన్ని ఎవరాపారు?"

"పండగ," అంది అమ్మ.

ఆయన తొట్టి వైపు మోకాళ్ళ మీద జరిగాడు. పగడం విచ్చుకుని ఉంది. వందల చిన్న నోళ్ళు బయటికొచ్చి బుడగల గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ఏడుస్తాడేమోనని నేను పక్కకి జరిగాను.

"బతికింది," అన్నాడు. తినడానికేమైనా ఉందా అని అడిగాడు.

తిన్నాక తొట్టిలోంచి కొన్ని పాత నీళ్ళు తీసి, తెచ్చినవి పోశాడు. పగడం ఇంకొంచెం విచ్చుకుంది. సిలిండరు వాపసు కొత్తపేటకి నేనే మోశాను.

పిడికెడు పగడానికి పట్టే కాల్షియం చాలా తక్కువ. అప్పుడప్పుడూ ఒక బకెట్టు సముద్రపు నీళ్ళు మారిస్తే సరిపోతుంది.