ఆ పావురానికి ఏ జబ్బూ లేదు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు అనే మాట కూడా దీనికి సరిపోదు. బరువైతే కాసేపు దించుకోవచ్చు, భుజం మార్చుకోవచ్చు. ఎదురింటి డాబా మీద ఎవరైనా పావురాల్ని ఎగరేస్తే నేను కిటికీ మూసేస్తాను. ఇంట్లోవాళ్లు నాకు పావురాల వాసన పడదనుకుంటారు. అనుకోనిస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట. నేను మీ దగ్గర ఏడవడానికి రాలేదు.

మాది బళ్లారి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి. మా నాయన గల్లాపెట్టె ముందు కూర్చున్నా ఆయన మనసు ఆకాశంలోనే ఉండేది. పల్టీ పావురాల పందేలకు ఆయనే తీర్పరి. ఆ జాతి పావురం పైకి పోయి, ఉన్నట్టుండి వెనక్కి మొగ్గలేస్తూ కిందికి జారి, మళ్లీ రెక్క నిలబెట్టుకుంటుంది. జనం ఆ మొగ్గలకే ఈలలు వేసేవాళ్లు. నాయన మాత్రం అది దిగేదాకా నోరు విప్పేవాడు కాదు. జబ్బు చేసిన పావురమూ పల్టీలు కొడుతుంది, మందు పెట్టినదీ కొడుతుంది. తేడా దిగాకే తెలుస్తుంది. కన్ను తేటగా ఉందా? ఈకలు ఒంటికి అంటుకుని ఉన్నాయా? రెక్కలు వేలాడుతున్నాయా? నోరు తెరిచి రొప్పుతోందా? దిగిన వెంటనే ఇవి చూసి చెప్పాలి, కాసేపైతే పావురం తేరుకుంటుంది. తీర్పు అయ్యేదాకా మిగతావాళ్లెవరూ దాని దగ్గరికి రాకూడదు.

నాయన చూపు మెల్లగా పోయింది. ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు. ఆ సంగతి మేము బయట చెప్పలేదు. ఆయన పావురాన్ని చేతుల్లోకి తీసుకునేవాడు. నేను పక్కన నిలబడి అది ఎలా ఉందో గొంతు తగ్గించి చెప్పేదాన్ని. ఆయన గట్టిగా తీర్పు చెప్పేవాడు. చూసే కళ్లు నావి, పేరు ఆయనది. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. నిజంగా పడలేదా? కొంచెం పడ్డాను. అయినా ఆ రోజు అబద్ధం చెప్పింది అందుకు కాదు.

అవి గనులు ఊరిని ఊపేస్తున్న రోజులు. ఉతికిన బట్టలు ఖనిజం దుమ్ముకు దండెం మీదే ఎర్రబడేవి. నిన్నటిదాకా పత్తి వేసిన రైతులు లారీలు కొన్నారు. వాళ్లలో పంపాపతి ఒకడు. అతని ఖనిజం లారీ కుడతిని రోడ్డులో మా తమ్ముణ్ణి గుద్దేసింది. బైకు మీద డ్యూటీకి పోతున్న వాడు అక్కడికక్కడే చనిపోయాడు. కేసు రాసే వేళకు డ్రైవరు మారిపోయాడు, లారీ మారిపోయింది, తప్పు మా తమ్ముడిదైపోయింది.

పంపాపతి పళ్లబుట్టతో మా ఇంటికొచ్చి, నాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాయన ఒక్క మాట అనలేదు. ఏడాది తిరక్కుండానే తన మేడ మీద పందెం పెట్టి తీర్పుకు పిలిస్తే, సరేనన్నాడు కూడా. నేను నిలదీస్తే, “పావురాలేం పాపం జేసినాయమ్మా?” అన్నాడు.

పంపాపతికి పావురాల గురించి ఏమీ తెలియదు. కారు కొన్నట్టే వాటినీ కొన్నాడు. పెంచేది మహబూబ్ మామ, నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆ పావురాల వంశాన్ని మామ తండ్రి మొదలుపెట్టాడు, మామ కాపాడుకొచ్చాడు. ఇల్లు గడవక పంపాపతికి అమ్మి, తన పావురాలకు తానే జీతగాడయ్యాడు.

ఆ పొద్దున నల్లమచ్చల ఆడ పావురం ఎగిరింది. ఎంత అందంగా ఎగిరిందంటే, అది మొగ్గలేస్తూ జారుతున్న ఆ కాసేపు నేను తమ్ముణ్ణి మరిచిపోయాను. పంపాపతి మేడ మీదే నిలబడి ఉండి కూడా మరిచిపోయాను. నా కోపం అందుకే అంత పెరిగిందా? ఇప్పటికీ నాకు తెలియదు. అది దిగింది. కన్ను దానిమ్మ గింజలా తేటగా ఉంది. నోరు మూసే ఉంది. ఒక్క ఈకైనా చెదరలేదు. మెట్ల దగ్గర పంపాపతి కొత్త తెల్లబట్టల్లో, గనుల పెద్దమనుషుల మధ్య, అప్పుడే గెలిచినట్టు నవ్వుతున్నాడు.

“కన్నెట్లుండాదమ్మా?” అన్నాడు నాయన మెల్లగా.

“మబ్బుగా ఉండాది.”

“నోరు?”

“తెరిసి రొప్పుతాండాది.”

పావురం మీద ఆయన చేతులు ఆగిపోయాయి. రొప్పే పావురం రొమ్ము చేతికి తెలియదా?

“బాగ సూసినావా?”

“నీకంటే బాగనే సూసినా నాయనా.”

ఆయన తలెత్తి, “దీనికి జబ్బుండాది. లెక్కకు రాదు” అని అందరికీ వినబడేలా చెప్పాడు.

పంపాపతి ముఖం మాడిపోయింది. పెద్దమనుషులు అతని వెనకే నవ్వుకున్నారు. ఆ ముఖం కోసమే నేను అబద్ధమాడాను. ఇవాళ తలుచుకున్నా నాకు తృప్తిగానే ఉంది. మీకది నచ్చకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. మా తమ్ముడి తరఫున నా దగ్గర ఇంకేముంది? స్టేషను వాళ్లది, కాగితాలు వాళ్లవి.

మహబూబ్ మామను మాత్రం నేను తలుచుకోలేదు. అతను వచ్చి పావురాన్ని అందుకున్నాడు. తిప్పి చూశాడు. బాగానే ఉన్నట్టు అతనికి కనిపించి ఉండాలి. కానీ తన కళ్లకంటే స్నేహితుడి మాటనే నమ్మాడు.

“నువ్వు సెప్పినాక ఇంగేముండాది శెట్టన్నా. రక్తంలోనే ఖరాబొచ్చింటాది. దీని పిల్లల్ని పెంచకూడదు.”

ఆ వంశంలోని పావురాలన్నీ కోతకు పోయాయి. పంపించింది పంపాపతి కాదు, మామే. తర్వాత పావురాలు వద్దనుకుని సిరుగుప్పలో రైసు మిల్లులో మూటలు మోయడానికి వెళ్లిపోయాడు. నాయన కూడా మళ్లీ ఏ పందేనికీ తీర్పు చెప్పలేదు. నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఆయనకు తెలుసు. తెలిసే ఆ మాట పలికాడు. చూపు పోయిన సంగతి దాచుకోవడానికా, కొడుకు కోసమా? ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాయన పోయినప్పుడు మామ వచ్చాడు. నడుం వంగిపోయింది. మా వరండాలో కూర్చుని, “మీ నాయన ఆ పొద్దు నిజం సెప్పకపోయింటే, రోగం పావురాల్ని ఊరంతా పంచింటాంటి తల్లీ” అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లి కాఫీ తెచ్చిచ్చాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరికేది కాదు. చెప్పలేదు. మేడ మీద ఆడిన అబద్ధానికి కోపం సాకు. ఆ కాఫీకి ఏం సాకు చెప్పను?

ఇప్పుడు మామ కూడా లేడు.

పంపాపతికి నేనేమీ బాకీ లేను. అతని గురించి నన్ను అడగొద్దు. మహబూబ్ మామా, నీ పావురానికి ఏ జబ్బూ లేదు. మీ నాయన మొదలుపెట్టి నువ్వు కాపాడిన రక్తంలో ఏ ఖరాబూ లేదు. నేను కావాలనే అబద్ధమాడాను.

ఈ మాట అతని ముందు అనాల్సింది. మీ ముందు అన్నాను. నన్ను మంచిదాన్ననో చెడ్డదాన్ననో మీరు తేల్చనక్కరలేదు. గట్టిగా పైకి అన్నాను కదా, ఊపిరి కాస్త ఆడుతోంది. నాకది చాలు.