మందు కూరేటప్పుడు మాట్లాడకు

నాటు తుపాకీ అంటే నాకు తెలిసింది ఒక్కటే: పేపర్లో జిల్లా పేజీ మీద, పోలీసులు బల్ల మీద పెట్టి ఫొటో దిగే వస్తువు. అలాంటిదాన్ని ఈ మంచుదేశంలో, ఒషావాలో, మా వీధి చివరి ఇంటి బేస్‌మెంట్లో, ఒక తెలుగాయన సొంతంగా తయారుచేసుకుని, నూనె రాసి పసిబిడ్డలా సాకుతున్నాడని విన్నప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

ఆయనది కరీంనగర్ వైపు. యాభై ఏళ్ల కిందట వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో టూల్‌మేకర్‌గా చేసి రిటైరయ్యారు. నాకు ఆయన అన్నగారు, వాళ్లావిడ వదిన. చుట్టరికం ఏమీ లేదు. పాతికేళ్లుగా ఒకే వీధిలో మంచు ఎత్తి పోసుకున్న సంబంధం. నేను గుంటూరు నుంచి వచ్చిన మత్తు డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్ వదిలి రెండేళ్లయింది.

ఒక మధ్యాహ్నం వదిన మా వంటింట్లో కూర్చుని, టీ ముట్టకుండా అసలు సంగతి చెప్పింది.

"డాక్టరమ్మా, మీ అన్న ఈమధ్య అన్నీ మరుస్తున్నడు. చాయ్ పొయ్యి మీద పెట్టి మర్చిండు. కారు యాడ పార్క్ చేసిండో మర్చి గంటసేపు తిరిగిండు. ఇగ ఆ తుపాకి సంగతేంది? నాకు భయమైతాంది. నువ్వు జర శనారాలు ఆయన ఎంబడి పొయ్యి చూడు. ఒక్క తప్పు చేసినా నాకు చెప్పు, దాన్ని ఆ తుపాకుల క్లబ్బోళ్లకు ఇచ్చేస్త."

సరేనన్నాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అది పోతే ఆయన ఏమైపోతడో, అదీ భయమే."

అలా నేను శనివారాలు కాపలాకి బయల్దేరాను. పైకి మాత్రం సరదాగా చూడ్డానికని చెప్పాను.

ఊరికి ఉత్తరాన, మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య ఒక మైదానం. పదిమంది దాకా ముసలివాళ్లు, ఒకరిద్దరు ఆడవాళ్లు, ఫ్లాస్కుల్లో కాఫీ. అందరి దగ్గరా మూతిలోంచి మందు కూరే తుపాకులే. అన్నగారిది చెకుముకి రాయి తుపాకీ. అంత పాత పద్ధతిది కాబట్టి చట్టం దాన్ని పురాతన వస్తువు కిందే చూస్తుందట. ఆయన చెప్పిన మొదటి మాట ఇది: "డాక్టరమ్మా, ఎవ్వలన్న మందు కూరుతుంటే మాట్లాడొద్దు. ప్రధానమంత్రి వచ్చినా సరే, ఆగాల్సిందే."

ఎందుకో చెప్పడానికి ఒక స్తంభం చూపించారు. దానికి ఆవు మెడగంట ఒకటి వేలాడుతోంది. మందు పోయడం మరిచి ఉత్త గుండు కూరినవాడు తనంతట తనే వెళ్లి ఆ గంట కొట్టాలి. అందరూ టోపీలు తీస్తారు. వచ్చే వారం డోనట్లు అతనివే. ఈ తుపాకీ పట్టినవాడెవడూ జన్మలో ఒక్కసారైనా ఆ తప్పు చేయకుండా ఉండడని అక్కడి మాట. అన్నగారు ముప్పై ఏళ్లలో ఆ గంట ముట్టలేదు.

ఆ రోజు ఆయన తుపాకీ మడమ నేలకానించి నిలబెట్టారు. సీసాలా వాడే ఎద్దు కొమ్ములోంచి తుపాకీ మందు ఇత్తడి కొలపాత్రలోకి వంపి, కొలిచి, గొట్టంలో పోశారు. మూతి మీద కొవ్వు రాసిన గుడ్డ, దాని మీద సీసపు గుండు. బొటనవేలితో అదిమి, మిగిలిన గుడ్డ కత్తితో కోసి, పొడుగాటి కర్రతో అడుగు దాకా కూరారు. ఆ కర్ర మీద ఒక గీత ఉంది. గీత సరిగ్గా మూతి దగ్గర ఆగితే అన్నీ సరిగ్గా పడినట్టు. గుడ్డ ఏమిటనుకున్నారు? వదిన పాత నేత చీర! అక్కడివాళ్లు పరుపు గలేబుల గుడ్డ వాడతారు. మా వదిన చీరకున్న నేత దేనికీ లేదని పొగిడి, ఇద్దరు దొరలు ఒక్కో ముక్క అడిగి తీసుకున్నారు.

తర్వాత గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలో ఇంకో చిటికెడు మందు వేసి, భుజానికెత్తి ట్రిగ్గర్ నొక్కారు. రాయి ఉక్కు రేకును గీరింది. పళ్లెంలోని మందు భగ్గుమంది. అప్పుడొక ఖాళీ. కంటికి మంట కనిపించింది, చెవికి ఇంకా ఏమీ వినిపించలేదు. ఆ ఖాళీలో ఆయన రెప్ప కూడా వాల్చలేదు. ఆ తర్వాతే నేల అదిరింది. తెల్లటి పొగ ఆయన్ని మొత్తం మింగేసింది, దీపావళి మర్నాటి పొద్దుటి వాసన వచ్చింది.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఒక్క గుండు కోసం రెండు నిమిషాల పని, వందల ఏళ్లుగా ఎందరో మార్పు లేకుండా చేస్తూ వచ్చిన పని. ఇంట్లో కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి, ఇక్కడ ఒక్క మెట్టు తప్పడం లేదు. పొగ తేలిపోయాక ఆయన మంచులో పడ్డ గుడ్డముక్క ఏరి, అంచులు కాలిన తీరు చూసి, మందు ఎక్కువైందో సరిపోయిందో చదువుతారు. ముప్పై ఏళ్లు మనుషుల ఊపిరి చూస్తూ బతికినదాన్ని. చేతులకి సొంత జ్ఞాపకం ఉంటుందని తెలుసు. కానీ అది ఇంత గంభీరంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఐదు శనివారాలు గడిచాయి. తప్పు లేదు. వదినకి అదే చెప్పాను.

ఆరో శనివారం నా బుద్ధి గడ్డి తింది. చూస్తే చాలదు, పరీక్ష చేయాలనిపించింది. అది డాక్టర్లకుండే జబ్బు. థియేటర్లో మత్తు ఎక్కిస్తుండగా ఎవరైనా నోరు మెదిపితే మండిపడేదాన్ని. అదే నేను, ఆయన కొమ్ము చేతిలోకి తీసుకున్న క్షణంలో అడిగాను:

"అన్నగారూ, మొన్న వదిన పుట్టినరోజుకి ఎక్కడికెళ్లారు?"

ఆయన చెయ్యి ఆగింది. కొమ్ము కిందికి దిగింది. మొహంలో ఏదో వెతుకులాట.

"సర్రీ పోయినం కదా," అన్నారు కాసేపటికి, వెలిగిపోతూ. "బిడ్డ దగ్గరికి. కేక్ మీద ఆమె పేరు తప్పు రాసిన్రు."

నిజమే, అన్నీ నిజమే. నాకు ఎంత సంతోషమైందంటే, ఆయన చెయ్యి నేరుగా గుడ్డ మీదికి పోవడం చూసి కూడా చూడలేదు. గుడ్డ, గుండు, కర్ర. గీత మూతిలోపలికి మునిగిపోయింది. అదీ చూశాను, అదీ తట్టలేదు.

ట్రిగ్గర్ నొక్కారు. పళ్లెంలో వేసిన చిటికెడు భగ్గుమంది. ఖాళీ. ఆ ఖాళీ అయిపోలేదు.

మైదానం భద్రత చూసే ఆయన చెయ్యెత్తాడు. మందు లోపల ఎక్కడైనా రాజుకుంటోందేమోనని ఒక నిమిషం తుపాకీని అలాగే గురి మీద ఉంచాలి. నా జీవితంలో అంత పొడుగు నిమిషం ఇంకొకటి లేదు. సగంలో నాకు అర్థమైంది. ఆయనకి అంతకంటే ముందే అర్థమైనట్టుంది, దవడ బిగిసింది.

పళ్లెం పక్క సన్నటి బెజ్జంలోంచి చిటికెలు చిటికెలుగా మందు ఎక్కించి మళ్లీ పేల్చారు. గుండు తుప్పున ఉమ్మినట్టు పది అడుగుల దూరంలో పడింది. ఆయన తుపాకీ బల్ల మీద పెట్టి, స్తంభం దగ్గరికి నడిచి, గంట కొట్టారు. అందరూ టోపీలు తీశారు, చప్పట్లు కొట్టారు. వాళ్లకది ఇన్నాళ్లకి దొరికిన డోనట్ల వేడుక. నేను తలెత్తలేకపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

తిరుగు దారిలో నేనే డ్రైవ్ చేశాను. "తప్పు నాదన్నగారూ. కూరేటప్పుడు మాట్లాడాను. వదినకి ఈ సంగతి చెప్పను," అన్నాను.

"చెప్పు. దాయకు," అన్నారు. "మీ వదిన నిన్ను కావలి పెట్టిందని మొదటి శనారమే తెలిసింది నాకు. అందరు తుపాకి చూస్తరు. నువ్వు నా చేతులు చూసినవ్."

నేను అక్కర్లేకపోయినా వైపర్లు వేశాను.

"ముప్పయ్యేండ్ల సంది ఎంత వద్దన్నా నా పక్కన జనం మాట్లాడుతనే ఉన్నరు డాక్టరమ్మా. నేను ఇనకపోతుంటి. ఇయ్యాల ఇన్న. గదీ ఫరక్."

వాళ్ల వంటింట్లో వదినకి అంతా చెప్పాను. ఆయన మరిచింది చెప్పాను, మరిపించింది నేనని చెప్పాను, గంట సంగతి చెప్పాను. అన్నగారు పక్క గదిలో తుపాకీ గొట్టాన్ని వేడినీళ్లతో కడుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. వదిన ఆ చప్పుడు వైపు తల తిప్పి అడిగింది.

"మందు పోసుడు ఒక్కటే మర్చిండా? మిగతయన్ని చేసిండా?"

"అన్నీ చేశారు."

"అయితే గా ఒక్కటి నేను పోస్త."

ఇది ఎల్లకాలం సాగదని, మిగతావి కూడా మరిచే రోజొస్తుందని డాక్టర్‌గా చెప్పాల్సింది చెప్పాను. "వస్తే రానీ. అప్పుడు నేను ఎదురుంగనే ఉంట గద. బంద్ పెడత," అంది.

ఆ తర్వాతి శనివారం ఆవిడ చీర మీద పార్కా కోటు, కాళ్లకి మంచు బూట్లు వేసుకుని, ఒళ్లో రెండు డోనట్ల డబ్బాలతో కారెక్కింది. ముప్పై ఏళ్లలో ఆ మైదానం చూడ్డం అదే మొదటిసారి. అన్నగారు కొమ్మూ కొలపాత్రా ఆవిడ చేతిలో పెట్టి, తుపాకీ నిలబెట్టి పట్టుకున్నారు. వదిన మందు కొలపాత్రలోకి వంపింది, బియ్యం గిద్ద కొలిచినట్టు అంచు మీద వేలితో తీసి, గొట్టంలో పోసింది. తన పాత చీర ముక్క మూతి మీద పడటం, దాని మీద గుండు కూర్చోవడం కళ్లార్పకుండా చూసింది. కర్ర మీది గీత మూతి దగ్గర ఆగింది.

భగ్గుమంది. ఖాళీ. నేల అదిరింది.

పొగ తేలిపోయేసరికి వదిన రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఉంది. "అమ్మో," అంది, చిన్నపిల్లలా. అంచులు కాలిన గుడ్డముక్క తనే వెళ్లి ఏరుకొచ్చింది.

"ఇన్నేండ్లు ఎందుకు రాలే నువ్వు?" అన్నారాయన.

"నువ్వు పిలిస్తివా?"

ఆయన తుపాకీ మడమ మళ్లీ నేలకానించి, కొమ్ము ఆవిడకి అందించారు. నేను ఏదో అనబోయి ఆగాను. మందు కూరుతున్నారు.