డప్పుకు బెదరని గుర్రం

మా నాన్న గుర్రాన్ని చూడటానికి వెళ్తే వెంట డప్పు ఉండాల్సిందే. పెళ్ళిచూపులకు పళ్ళూ పూలూ పట్టుకెళ్ళే జనాన్ని చూశాను గానీ, డప్పూ టపాకాయల సరమూ పట్టుకుని బేరానికి బయలుదేరే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. విజయవాడలో ముప్పై ఏళ్ళుగా పెళ్ళికొడుకులను గుర్రం ఎక్కించి, కళ్ళెం పట్టుకుని ఊరేగింపు ముందు నడిచిన మనిషి. "పెళ్ళిగుర్రానికి అందం తరవాత, బేటీ. ముందు గుండె చూడాలి" అనేవాడు.

పదహారేళ్ళు మా దగ్గరున్న తెల్లగుర్రం ముసలిదై చనిపోయాక, ముహూర్తాలు దగ్గర పడుతున్నాయని తొందరపడి, డప్పు లేకుండానే వెళ్ళి ఒకదాన్ని కొన్నాడు. అది మొదటి ఊరేగింపులోనే టపాకాయలకు బెదిరి, పెళ్ళికొడుకుతో సహా బెంజ్ సర్కిల్ వైపు పరుగు తీసింది. అబ్బాయికి ఏమీ కాలేదు గానీ తలపాగా ఆటో కింద నలిగిపోయింది. ఆ మాట ఊరంతా పాకింది. బ్యాండువాళ్ళు ఫోన్లు చేయడం మానేశారు. గుర్రాన్ని ఇచ్చినవాడికే తిరిగిచ్చేసి, నాన్న మూడు నెలలు అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆయన్ని అలా చూడటం నావల్ల అయ్యేది కాదు. చివరికి ఒక పొద్దున తనే అన్నాడు: "ఇంకొక్కటి చూస్తాను. ఇదీ తప్పితే ఇక కళ్ళెం ముట్టను."

నేను బడిలో టీచర్ని, అప్పుడు వేసవి సెలవులు. స్కూటరు నాది కాబట్టి డ్రైవరు ఉద్యోగమూ నాదే అయింది. వెనకాల మోపెడ్ మీద నాన్న స్నేహితుడు, డప్పు కొట్టే బాబాయి.

మొదట కొండపల్లి వెళ్ళాం. గుర్రం నిగనిగలాడుతోంది. నాన్న ముందు సుడులు చూశాడు, అంటే ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన చోట్లు. ఆయనకు వాటి మీద నమ్మకం లేదు. "పెళ్ళివాళ్ళు అడుగుతారు, చెప్పాలి కదా" అంటాడు. తరవాత దాని మొహం ముందు టక్కున గొడుగు తెరిచాడు. నిలబడింది. బాబాయి డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడో లేదో, ముందుకాళ్ళు పైకెత్తి గిర్రున తిరిగి, పక్కింటివాళ్ళు రంగులారబెట్టుకున్న బొమ్మల పీటను తన్నేసింది. అరగంటసేపు ముగ్గురం దుమ్ములో కూర్చుని బొమ్మలు ఏరుతూ, ఆ ఇంటావిడ తిట్లు వింటూ ఉండిపోయాం. ఆవిడ తిట్టిన ప్రతి మాటా న్యాయమే.

తరవాత ఉయ్యూరు వైపు వెళ్ళాం. అక్కడ చెరుకు రైతు ఒకాయన, కొడుకు ముచ్చటపడితే, తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడట. కొడుక్కి ముచ్చట తీరింది, గుర్రం గేదెల పాకలో మిగిలింది. ఎద్దుల బేరాల్లో పండిన రైతుకు దాన్ని ఇంకోలా పొగడటం చేతకాలేదు. "కాడి కడితే రెండు టన్నుల చెరుకు లాగుద్ది సాయిబుగారూ, ఒట్టు!" అన్నాడు. "మాకు లాగక్కర్లేదండీ, నిలబడితే చాలు" అన్నాడు నాన్న.

నిలబడింది. బాబాయి దాని చెవి పక్కనే చేతులు నొప్పెట్టేదాకా వాయించాడు. అది చెరుకాకు నములుతూనే ఉంది. నాన్న దాని వెనకాల కాస్త దూరంలో టపాకాయల సరం వెలిగించాడు. గేదెలు పలుపులు తెంపుకున్నాయి. రైతు భార్య వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి మమ్మల్నీ మొగుణ్ణీ కలిపి దులిపేసింది. గుర్రం ఒకసారి తలెత్తి, పరుగెత్తే గేదెలను వింతగా చూసి, మళ్ళీ ఆకు మీదికి వంగింది. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వారం ఉంచుకుని చూడండి. కుదరకపోతే తోలుకొచ్చేయండి, మొహమాటపడొద్దు" అన్నాడు రైతు. అదే రోజు మినీలారీలో ఇంటికి తెచ్చుకున్నాం. పాత పరిచయం కొద్దీ ఒక బ్యాండుమేస్త్రి, ఇష్టం లేకపోయినా, శుక్రవారం ఊరేగింపుకు ఒప్పుకున్నాడు.

మాతో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే నాన్న, గుర్రంతో మాత్రం అచ్చ తెలుగే మాట్లాడతాడు. పొద్దున్నే ఉడికించిన ఉలవలు పెడుతూ వీధిలో సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్తాడు. పాత గుర్రం చెవులు ఆయన గొంతు వెంట తిరుగుతుండేవి. దీని చెవులు కదల్లేదు. కొత్త కదా అనుకున్నాం. మూడో రోజు నా చేతిలోంచి ఇనుప బకెట్టు దాని వెనకాలే గచ్చు మీద పడింది. నా గుండె ఝల్లుమంది గానీ దానికి చీమ కుట్టినట్టయినా లేదు. చప్పట్లు కొట్టాను, అటూ ఇటూ. కదల్లేదు. నా నీడ కంటబడ్డాక మాత్రం అదిరిపడింది. ముగ్గురు పెద్దమనుషులం కలిసి చెవుడును చూసి ధైర్యమని మెచ్చుకున్నామని అప్పుడు తెలిసింది.

చెప్పాలంటే భయమేసింది. ఇదీ తప్పితే అన్న మాట నా చెవుల్లోనే ఉంది. అయినా చెప్పాను. "అబ్బాజాన్, దీనికి వినపడదు."

ఆయన నవ్వి, దాని వెనకాల నిలబడి పిలిచాడు. ఇంకా గట్టిగా పిలిచాడు. ఆఖరికి వీధిలో వాళ్ళు తిరిగి చూసేంతగా అరిచి, నీళ్ళతొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

"తిరిగిచ్చేద్దాం" అన్నాను.

"ఏం తప్పు చేసిందని? నేను పెట్టిన పరీక్ష నెగ్గింది కదా."

శుక్రవారం దాకా ఆయన వేరే పని పెట్టుకోలేదు. మెడ మీద అరచెయ్యి వేస్తే ఆగాలి, భుజం మీద రెండుసార్లు తడితే నడవాలి, మనం ఎప్పుడూ ఎదురుగా, దాని కంటికి కనబడుతూనే దగ్గరికి వెళ్ళాలి. గుర్రం రెండు రోజుల్లో నేర్చేసుకుంది. మాటలు మానుకోవడం నాన్నకే కష్టమైంది.

ఊరేగింపుకు ఎన్నడూ వెళ్ళని నేను ఆ సాయంత్రం వెళ్ళాను. డీజే మోతకు నా పక్కటెముకలు అదురుతున్నాయి. పదివేల వాలా వెలిగించారు. పెళ్ళివారే చెవులు మూసుకుని పక్కకు పరుగెత్తారు. గుర్రం నాన్న అరచేతి కింద కదలకుండా నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏం గుండెండీ దీనికి!" అన్నాడు బ్యాండుమేస్త్రి. నాన్న దాని భుజం మీద రెండుసార్లు తట్టాడు.

మర్నాడు పొద్దున దానికి మాలీషు చేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "పాతదాని జీను తీస్తే ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉండేది. ప్రతి పెళ్ళికీ అంతే. పెళ్ళికొడుకు బరువుకేమో అనుకునేవాణ్ణి. నిన్నటి పెళ్ళికొడుకు ఇంకా లావు. దీని జీను తీశాను. పొడిగా ఉంది."

మెడ దాకా రుద్దుకొచ్చి చెయ్యి అక్కడే ఆపాడు.

"పదహారేళ్ళు, బేటీ. కదలకుండా నిలబడితే గుండె గట్టిదనుకున్నాను."

అంతలో ఫోను మోగింది. బ్యాండుమేస్త్రే. వచ్చే నెలలో నాలుగు పెళ్ళిళ్ళున్నాయి, ఒకేరోజు రెండు పడ్డాయి, ఇంకో గుర్రాన్ని కూడా చూసుకోమంటున్నాడు. మూడు నెలలుగా నాన్న ఎదురుచూసిన పిలుపు అది. గుర్రం మెడ మీద చెయ్యి తియ్యకుండానే జవాబిచ్చాడు.

"లేదండీ. వినపడేదాన్ని ఇక తీసుకురాను. ఇది నడిచినన్నాళ్ళు నేనూ నడుస్తాను, అంతే."