బుగ్గల నడుమ కుక్కర్

ఆ రోజుల్లో నాకు ‘నేను చూసుకుంటాను సార్’ అనే జబ్బు ఉండేది. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ఇది మామూలే, మొదటి ఏడాది జీతం పెరగకపోవడంతో దానంతటదే నయమైపోతుంది. నాకు మాత్రం ముదిరింది. ప్రింటర్ మొరాయిస్తే నేను చూసుకుంటాను, టీ రాకపోతే నేను చూసుకుంటాను. ఆఖరికి ఉపగ్రహానికి బిగించే యాంటెన్నాను తెరిచి చూపించడానికి తగిన చోటు లేదని మా బాసు తల పట్టుకుంటే, దాన్ని కూడా నేనే చూసుకుంటానన్నాను. లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగినదాన్ని, గౌలిపురలో సొంత మేనమామ ఉన్నవాడిని మించిన ధైర్యవంతులు లోకంలో ఉండరు కదా (ఈ వాక్యంలో వ్యాకరణం తప్పింది, ఆ ధైర్యం లాగే).

మా కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మేడ మీద రెండు గదులు, అయిదారుగురు మనుషులు. రాకెట్‌లో చోటు తక్కువ కాబట్టి, ఇరుగ్గా మడిచి పెట్టి పంపితే పైకి వెళ్లాక తనంతట తాను విచ్చుకునే యాంటెన్నా తయారు చేయడం మా పని. ముడుచుకున్నప్పుడు అది సరిగ్గా ఒక పెద్ద ప్రెషర్ కుక్కరంత ఉండేది. విచ్చుకుంటే ఒక గది కప్పేంత గొడుగు. గడ్డిపోచల్లాంటి పన్నెండు పుల్లలు, వాటి మధ్య బంగారు పూత పూసిన సన్నటి తీగల జాలీ. పుల్లలన్నింటినీ వంచి, చుట్టూ ఒక గట్టి దారం బిగించేవాళ్లం. మీట నొక్కితే ఒక చిన్న తీగ వేడెక్కి దారాన్ని తెంపుతుంది, పుల్లలు ఒక్కసారిగా చాచుకుంటాయి. వినడానికి ఇంతే. దీనికోసం ఏడాదిగా మేము అన్నం సరిగా తిన్నది లేదు.

మా బాసుకు ఆఫీసులో ‘గ్రావిటీ సార్’ అని పేరు. ఏది చెడినా ఆయన భూమ్యాకర్షణ మీదికే తోసేసేవారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పైన బరువుండదని నమ్మి చేసిన పుల్లలు కదా, కింద తెరిస్తే వాటి బరువుకే అవి తోటకూర కాడల్లా వాలిపోయేవి. అందుకని ఒక్కో పుల్ల కొసకు ఒక్కో గ్యాసు బెలూన్ కట్టి (మా ఇళ్లలో బెలూన్‌ను బుగ్గ అంటాం), భూమి లాగే బరువును అది పైకి లాగేలా చూసుకోవాలి. ఇందుకు ఎత్తయిన కప్పు, నడిమధ్యలో స్తంభాల్లేని హాలు కావాలి. మా గదుల్లో ఫ్యాను కింద నిలబడాలంటేనే వంగాలి. పైగా చూడటానికి వచ్చేది మామూలు మనిషి కాదు. ఉపగ్రహాలు తయారు చేసే పెద్ద సంస్థ నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. ఆయన ఊఁ అంటే కంపెనీ ఉంటుంది. ఊహూఁ అంటే మేమందరం వేరే ఉద్యోగాలు ‘చూసుకోవాలి’.

మా మేనమామకు గౌలిపురలో ఒక ఫంక్షన్ హాలుంది. పాలవాళ్ల కొట్టాలు పోయి లేచిన హాలు కాబట్టి ఎత్తుకూ వైశాల్యానికీ లోటు లేదు. నడిమధ్యలో షాండ్లియర్ వేలాడదీసే బలమైన కొక్కెం. నేను వెళ్లి అడిగితే మామ ఒక్క ప్రశ్న వేశాడు.

“పేలుతదా బిడ్డా?”

“పేలదు మామా, తెరుచుకుంటది అంతే.”

“అయితే ఫికర్ లేదు. పొద్దుగాల్ల వచ్చి తెరుసుకోండ్రి. పదకొండు గొట్టంగ తొట్టెల ఫంక్షన్ ఉన్నది, గప్పటికి ఖాళీ జేయాలె.”

ఆ ఉదయం షాండ్లియర్ దింపి, ఆ కొక్కేనికి మా కుక్కర్‌ను వేలాడదీశాం. తెల్ల బెలూన్లు తెమ్మని గ్రావిటీ సార్ చెప్పారు, శాస్త్రీయంగా ఉంటుందని. నయాపూల్ దగ్గర బెలూన్లవాడి దగ్గర ఆ రోజు గులాబీ రంగువే ఉన్నాయి. వాటి మీద హ్యాపీ బర్త్‌డే అని కూడా ఉంది. పన్నెండు హ్యాపీ బర్త్‌డేలు కుక్కర్ నెత్తిన గుంపుగా తేలుతుంటే సార్ చాలాసేపు వాటినే చూసి, “పర్లేదు, రాత పైకి కనపడకుండా తిప్పు” అన్నారు. తిప్పాను. అవి మళ్లీ తిరిగాయి.

పెద్దాయన సరిగ్గా చెప్పిన వేళకు వచ్చారు. నెరిసిన జుట్టు, మడత నలగని చొక్కా, ఏ విషయానికీ ఆశ్చర్యపోని ముఖం. ప్లాస్టిక్ గులాబీల ద్వారం దాటి, సింహాసనాల్లాంటి రెండు ఎర్ర సోఫాలను దాటి వచ్చి, బెలూన్లను చూసి, “ఎవరి పుట్టినరోజు?” అన్నారు. గ్రావిటీ సార్ అంతరిక్షం గురించి పది నిమిషాలు మాట్లాడి, దేవుడికి దండం పెట్టుకుని, మీట నొక్కారు. సన్నగా పొగ లేచింది. దారం కాలిన వాసన వచ్చింది. అంతే. కుక్కర్ కుక్కర్‌లాగే ఉంది. సార్ మళ్లీ నొక్కారు. ఈసారి పొగ కూడా రాలేదు. వేడెక్కాల్సిన తీగే తెగిపోయినట్టుంది, దారం సగం కాలి, సగం మిగిలింది.

“గ్రావిటీ వల్ల...” అని మొదలుపెట్టారు సార్.

“దారం తెగకపోవడానికి గ్రావిటీకి సంబంధం ఏమిటండీ?” అని పెద్దాయన చాలా మర్యాదగా అడిగారు. మామ అప్పటికే పొడవాటి బూజుకర్ర పట్టుకుని వచ్చాడు. “జర ఒక్కటి పొడుద్దామా?” గ్రావిటీ సార్ వెనక నుంచి మామ నడుం పట్టుకుని లాగారు.

అసలు గండం అప్పుడు తెలిసింది. సగం కాలిన దారం ఎప్పుడైనా తెగవచ్చు. ఈ నిమిషం కావచ్చు, రేపు కావచ్చు. ఆ సమయంలో దాని దగ్గర ఎవరి ముఖమైనా ఉంటే పుల్ల కంట్లో గుచ్చుకుంటుంది. కాబట్టి నిచ్చెన వేసి విప్పే సాహసం చేయకూడదు. దూరంగా నిలబడి, తెగేదాకా ఎదురుచూడాలి. మేమిలా ఎదురుచూస్తుండగానే బయట బ్యాండు మోగింది. తొట్టెలవాళ్లు, అంటే పసివాణ్ని ఊయలలో వేసే వేడుకవాళ్లు, వచ్చేశారు. ముందు పూలబుట్టలు, వెనక ఊయల, ఆ వెనక ఇరవై ఒక్క రోజుల పసివాడిని ఎత్తుకుని వాళ్ల బాపమ్మ, అంటే నాయనమ్మ. ఆవిడ హాలంతా ఒకసారి కలియజూసింది.

“బుగ్గలు మంచిగనే ఉన్నయి గని, నడుమ గా కుక్కర్ ఏందయ్యా?”

మామ రెప్ప కూడా వేయలేదు. “కొత్త డెకరేషన్ అవ్వా. గిప్పుడు గిదే నడుస్తున్నది. టైముకు దానంతల అదే తెరుసుకుంటది.”

“గట్లనా!” అని ఆవిడ ఊయల తెచ్చినవాళ్లకు చెయ్యి చూపించింది. “అయితే గా బుగ్గల కిందనే పెట్టుండ్రి, ఫోటోల మంచిగొస్తది.”

పెట్టేశారు. మా కుక్కర్‌కు సరిగ్గా కింద, పసివాడి తొట్టె! నేను పరుగెత్తి, “అవ్వా, జర పక్కకు జరపండి, బాగుంటది” అన్నాను. “ఏంది జరిపేది? మంచి గడియ పోతాంది. నువ్వెవరి తరఫు బిడ్డా?” అంది ఆవిడ. నేను ఎవరి తరఫో ఆ క్షణంలో నాకే తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే గ్రావిటీ సార్ లేరు. వంటశాల నుంచి వస్తున్నారు, చేతుల్లో బగారన్నం వండిన దేగ్, అంటే పెద్ద గుండిగ, మీది మూతతో. అంత పెద్ద మూతను ఆయన రెండు చేతులా ఎత్తి, తొట్టె మీద ఛత్రంలా పట్టుకుని నిలబడ్డారు. మూత నుంచి ఆవిరి నీళ్లు ఆయన చొక్కా మీద పడుతున్నాయి. అబ్బాయి వైపువాళ్లు అది అమ్మాయి వైపు ఆచారమనుకున్నారు. అమ్మాయి వైపువాళ్లు అది అబ్బాయి వైపు ఆచారమనుకున్నారు. ఫోటోగ్రాఫర్ ఒక్కడే మొత్తుకున్నాడు. “అన్నా, మూత దించు. అన్నా, ఫ్రేమ్‌ల వస్తున్నవ్.” సార్ దించలేదు. ఆయన తన తప్పుల్లో మూడొంతులు గ్రావిటీ మీదికి తోసిన మనిషే, కానీ ఆ మూత బరువును ఆ రోజు ఎవరి మీదికీ తోయలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఇంతలో పెద్దాయన వెళ్లిపోతానంటే మామ దారికి అడ్డం నిలబడ్డాడట. “ఖాళీ కడుపుతోని పంపుడు మా ఖాన్‌దాన్‌ల లేదు సార్. మీ మిషన్ తెరవకపాయె, మా దేగ్ తెరిసినం గదా.” పెద్దాయన గోడవారగా కూర్చుని, మటన్‌తో మొదలుపెట్టి తింటున్నారు. మా కంపెనీ భవిష్యత్తు ఆయన విస్తరి ఖాళీ అవుతున్నకొద్దీ తరిగిపోతూ ఉంది. డబల్ కా మీఠా వడ్డించారు. ఇక అయిపోయిందనుకున్నాను.

బాపమ్మ తొట్టె మీదికి వంగి, పసివాడి చెవిలో మూడుసార్లు పేరు చెప్పడం మొదలుపెట్టింది. మూడోసారి చెప్పడమూ, పైన ‘టప్’ మనడమూ ఒకేసారి జరిగాయి. నిజం చెప్పాలంటే నేను కళ్లు మూసుకున్నాను. ఏడాది పాటు చేత్తో అల్లిన వస్తువు మొదటిసారి నలుగురిలో విచ్చుకుంటుంటే అందరూ చూశారు, నేను తప్ప. నాకు వినిపించింది చప్పట్లే. కళ్లు తెరిస్తే నెత్తిన బంగారు గొడుగు. బుగ్గలన్నీ పన్నెండు దిక్కులకూ జరిగి, వాటి కింద జాలీ ట్యూబులైట్ల వెలుతురులో మెరుస్తూ, ఊపిరి పీల్చినట్టు కదులుతోంది. మూత కింద పసివాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఒక్క పుల్ల కూడా వాడి దాకా రాలేదు. బాపమ్మ రెండు చేతులూ జోడించి, “అమ్మవారే ఛత్రి పట్టింది నా మనుమనికి!” అంది. బ్యాండువాళ్లు దీన్నే సైగ అనుకుని పాట ఎత్తుకున్నారు.

పెద్దాయన ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకుంటూ వచ్చారు. గొడుగు కింద గొంతుక్కూర్చుని, మెడ ఎత్తి, ఒక్కో పుల్లనూ చూస్తున్నారు. ఎప్పుడూ ఆశ్చర్యపోని ఆ ముఖం మీద మీఠా అంటుకుని ఉంది. ఒక పుల్ల మాత్రం కాస్త వాలి ఉంది. దాని బుగ్గలో గ్యాసు తగ్గింది.

“అదెందుకు వాలిందండీ?”

“గ్రావిటీ సార్!” అన్నారు మా బాసు. మూత ఇంకా దించలేదు. జీవితంలో మొదటిసారి ఆ మాట ఎవరూ కాదనలేని చోట పడింది.

పెద్దాయన లేచి చేయి కడుక్కుని వచ్చి చెప్పింది ఇదీ. “విచ్చుకోవడం అద్భుతంగా ఉంది. కానీ పైన ఎవరూ భోజనం చేస్తూ కూర్చోరు. మనం చెప్పినప్పుడు తెరుచుకోవాలి, దానికి బుద్ధి పుట్టినప్పుడు కాదు. తెంపే తీగలు రెండు పెట్టి, ఒకటి పోయినా రెండోది పనిచేసేలా చేసి తీసుకురండి, చూద్దాం.” ఊఁ కాదు, ఊహూఁ కాదు. రెండు తీగలు పెట్టాం. ఆ తర్వాత చాలా ఏడిపించారు, చాలా తిరిగాం, ఆఖరికి మా యాంటెన్నా ఒకటి పైకి వెళ్లింది. చెప్పినప్పుడే తెరుచుకుంది.

కానీ ఆ ఫంక్షన్ అయిన మూడో రోజే మామ ఫోన్ చేశాడు.

“బిడ్డా, గా ఛత్రి మళ్ల దొరుకుతదా? గౌలిపుర అంతా గదే ముచ్చట. ఒక పెండ్లి, రెండు తొట్టెలలోల్లు అడుగుతున్నరు. గది ఉంటేనే హాల్ బుక్ చేస్తమంటున్నరు.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “మామా! అది అంతరిక్షంలకు పోయే వస్తువు!”

“పోనీయ్ బిడ్డా, ఎవరొద్దన్నరు? పోయేదాంక ఇయ్యరాదు?”

నేను ఫోన్ పెట్టేశాను. వారం రోజులు మామతో మాట్లాడలేదు. విజ్ఞానశాస్త్రానికి అవమానం జరిగిందని మా అమ్మకు ఉపన్యాసం కూడా ఇచ్చాను (ఆవిడ చిక్కుడుకాయలు వలుచుకుంటూ విన్నది). ఇప్పుడు నేను పనిచేసే చోట హాలు తెల్లగా, చల్లగా ఉంటుంది. తలకు టోపీ, చేతులకు తొడుగులు. యాంటెన్నా సరిగ్గా నొక్కినప్పుడే విచ్చుకుంటుంది, మేము కొలతలు రాసుకుని క్యాంటీన్‌కు వెళతాం. చప్పట్లు కొట్టే అలవాటు ఎవరికీ లేదు. అప్పుడప్పుడు అప్పటి నన్ను, ఆ కోపిష్టి పిల్లను తలచుకుని, మామకు ఫోన్ చేసి ‘తీసుకపో మామా’ అందామనిపిస్తుంది. ఆ రోజు తెరుచుకున్నది తర్వాతి పరీక్షల్లో ముక్కలైపోయింది. మిగిలిన ఒక్కటీ, పాపం, మామ బూజుకర్రకు అందే ఎత్తులో లేదు.