దురద పెట్టని మచ్చ

మొన్న మా మనుమరాలు చంద్రపూర్ బజారు నుండి తెచ్చిన సబ్బు కాగితం విప్పగానే కానుగ నూనె వాసన గదినంతటినీ ఆక్రమించింది. "ఆజీ, ఏం వాసన ఇది, ఎకదమ్ కడూ" అంటూ ఆ పిల్ల చేదు నమిలినట్టు మొహం పెట్టింది. నాకు మాత్రం ఆ వాసన వెంట లాల్‌పేట్ బొగ్గుగని కార్మికుల వరుస ఇండ్లు, మా ఇంటి అరుగు, మా బాపమ్మ మోచేయి, ఆ మోచేతి మీద నా చేతిలోని కోడి ఈక ఒకదాని తరువాత ఒకటిగా కండ్ల ముందు నిలిచినవి.

బాపమ్మ, అనగా మా నాయన తల్లి, గని ఒడ్డున బొగ్గులోని రాళ్ళు ఏరే పనికి పోయేది. ఆదివారం ఉదయం మాత్రం అరుగు మీద చాప పరచుకొని కూర్చుండేది. వరుసలోని వారందరూ తమ తమ ఒంటి బాధలను తెచ్చి ఆమె ముందు విప్పేవారు. మండువేసవిలో చెమటకాయలతో ఎర్రబారిన పసిపిల్లల వీపులు, మామిడిపండ్ల కాలంలో సెగగడ్డలు, వానకాలంలో గని నీటిలో నాని పాసిన కాలివేళ్ళు, చలికాలంలో వేళ్ళ సందున పుట్టి రాత్రంతా గోకించే గజ్జి, ఇట్లా ఋతువులు మాకు ఆకాశంలో కంటె చర్మం మీదనే ముందుగా తెలిసేవి. చెమటకాయలకు పుచ్చకాయ తొక్క లోపలి తెలుపు, గడ్డకు కాల్చిన ఉల్లిగడ్డ, గజ్జికి కానుగ నూనెలో నూరిన గంధకం, అంచు ఎర్రగా ఉబ్బి చక్రంలా సాగే తామరకు మజ్జిగలో నానిన తంటెం గింజల ముద్ద. ఆ చెట్టును సంస్కృతంలో దద్రుఘ్నమని, తామరను చంపునదని అంటారని పెద్దయిన తరువాత నిఘంటువులో చదివి నేను విస్తుపోయాను. అక్షరం రాని బాపమ్మకు ఆ సంగతి చేతివేళ్ళలోనే ఉండేది.

ఎవరు వచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే. "దురద పెడ్తుందా?" పెడుతుందంటే నవ్వి, "అయితె భయం లేదు తియ్యి" అనేది. పెట్టడం లేదంటే నవ్వు ఆగిపోయేది. అప్పుడు వారిని కండ్లు మూసుకొమ్మని, కోడి ఈకను మచ్చ మీద మెల్లగా నడిపి, "ఎప్పుడు తాకిందో చెప్పు" అనేది.

ఒక ఏడాది మా పక్కింటి పోశవ్వ వీపు మీద రూపాయంత పాలిపోయిన మచ్చ కనబడింది. ఈక నడిచినా ఆమె పలకలేదు. బాపమ్మ అందరి ఎదుటనే, "ఇది పెద్దరోగమే" అన్నది. కుష్టును ఆ కాలంలో ఆ పేరుతోనే పిలిచేవారు. ఆ సాయంత్రమే నల్లా దగ్గర ఆడవాళ్ళు పోశవ్వ బిందెను కాలితో పక్కకు నెట్టారు. వారం తిరగకముందే ఆమె బట్టలమూటతో కోఠారి ఊరిలోని అన్నగారింటికి వెళ్ళిపోయింది. నెట్టబడిన ఆ బిందె దొర్లిన చప్పుడు ఎనిమిదేండ్ల నా చెవులలో చాలాకాలం నిలిచింది.

మరుసటి వేసవిలో మా ఇంట ఒక పరిహాసం పుట్టింది. పని నుండి వచ్చిన వారందరి ఒండ్ల మీద చెమటకు బొగ్గుపొడి అట్టలు కట్టి ఉండగా, బాపమ్మ మోచేతి వెనుక అరచేతి వెడల్పున ఒక్క చోట మాత్రం పొడి అంటక శుభ్రంగా ఉండేది. "మా అమ్మ మోచెయ్యి పెద్ద సాబు మోచెయ్యి, బొగ్గు దగ్గరకు రానియ్యదు" అని నాయన నవ్వేవాడు. బాపమ్మ కూడా నవ్వేది. చర్మాలను చదివే ఆ మనిషికి తన మోచేతి వెనుక భాగం కనబడదు. అక్కడ చెమట పుట్టడం లేదని, చెమట లేనందువల్లనే బొగ్గు అంటడం లేదని మాకెవ్వరికీ తోచలేదు.

వానలు వెనుకబట్టి, బతుకమ్మ పండుగకు ఇంటింటా సత్తుపిండి కోసం మొక్కజొన్నలు వేగుతున్న దినాలలో, ఆమె వీపు రుద్దుతూ, "బాపమ్మా, మోచెయ్యి మీద తెల్లగైంది" అన్నాను.

ఆమె "దురదైతే లేదే" అని తనలో తాననుకొని, "ఈక తే" అన్నది.

ఆమె కండ్లు మూసుకున్నది. నేను ఈకను మచ్చ నడుమ పెట్టి నడిపాను.

"పెట్టినవా?"

ఈక అక్కడే ఉన్నది. నా చేయి దానిని ఇటునుండి అటు, అటునుండి ఇటు తిప్పుతూనే ఉన్నది.

"ఏందే, నిద్రవోయినవా? జల్ది పెట్టు."

నాకు పోశవ్వ బిందె కనబడింది. "పెడ్తున్న బాపమ్మా" అని, ఈకను మచ్చ దాటించి, కిందనున్న మంచి చర్మం మీద పెట్టాను.

"ఆఁ, తాకింది" అని ఆమె నిండుగా ఊపిరి విడిచింది. "పో, సత్తుపిండి తిను పో."

తరువాత నెలనాళ్ళు ఆమె చీర కొంగు మోచేతి నుండి జారినపుడల్లా నేను సర్దుతూ తిరిగాను.

దీపావళి ముందరి రోజు ఆమె బొగ్గుల సిగడి ముందు కూర్చొని మురుకులు వేయిస్తున్నది. నూనె కమ్మదనం నడుమ వేరొక కమురు వాసన వచ్చింది. చూస్తే ఆమె చిటికెన వేలు ఎర్రగా కాలిన సిగడి అంచును ఆని ఉన్నది. ఆమె నింపాదిగా మురుకులు తిప్పుతున్నది.

"బాపమ్మా, వేలు!"

ఆమె వేలును చూసుకొన్నది. పిదప నన్ను చూసింది.

"ఆ దినం ఈక ఏడ పెట్టినవే?"

"రెండు జాగల."

"మొదాలు ఏడ?"

చూపించాను. ఆమె కొట్టలేదు. "నన్ను గూడ పోశవ్వ లెక్క ఎల్లగొడ్తరనుకున్నవా?" అని అడిగి, నేను తల ఊపగా, "పోశవ్వను ఎల్లగొట్టింది నా నోరే కద" అన్నది.

పండుగ దాటగానే నా చేయి పట్టుకొని ఊరిలోని పెద్ద దవాఖానకు నడిచింది. వైద్యుడు ఆమె మోచేతి లోపలి నరాన్ని వేలితో ఒత్తి, తాడులా లావెక్కిందని, కొంచెం ముందుగా వచ్చి ఉంటే వేలు వంగకుండా దక్కేదని చెప్పినాడు. ఏండ్ల తరబడి మాత్రలు మింగాలి. కాని ఇల్లు విడువవలసిన పని లేదు, ముట్టుకున్నంత మాత్రాన ఇది అంటదు. బాపమ్మ ఒక్కటే అడిగింది: "నల్లా కాడికి పోవచ్చునా?" ఆయన నవ్వి, నిక్షేపంగా పోవచ్చునన్నాడు. ఆమె నవ్వలేదు.

ఇంటికి రాక, నన్ను వెంటబెట్టుకొని నేరుగా కోఠారి బస్సెక్కింది. పోశవ్వ అన్నగారి కొట్టం పక్కన విడిగా వండుకుంటున్నది.

"వచ్చినవా అవ్వా? లాల్‌పేట్ నల్లాల నీళ్ళు అయిపోయినయా?"

బాపమ్మ కట్టు కట్టిన వేలు చాచింది. పోశవ్వ ఆ చేతిని తిప్పి, మోచేతి దాకా చూసి, "ఎవలు చూసిండ్రు?" అన్నది.

"ఇదే. చూసి దాచింది."

పోశవ్వ నా వైపు తిరిగి, "నా కోసం గట్ల దాచెటోళ్ళు ఎవలు లేకపాయిరి" అన్నది.

"దాస్తె వేలు పాయె. పా, దవాఖానకు పోదం."

దవాఖానలో చూపించుకొని, పోశవ్వ మాతోనే లాల్‌పేట్‌కు వచ్చింది. మరునాడు నల్లా దగ్గర ఇద్దరూ తమ బిందెలను వరుస నడుమ పెట్టారు. ఎవరెవరో వెనుకకు జరిగారు. బిందెలను మాత్రం ఎవరూ కాలితో నెట్టలేదు. బాపమ్మ చిటికెన వేలు వంగినది వంగినట్టే చివరిదాకా ఉండిపోయింది. ఆ వేలు నన్నెన్నడూ ఏమీ అనలేదు. అందుకే దానిని చూడలేకపోయేదానిని.

ఇప్పుడు ఆ వరుస ఇండ్లు లేవు, నల్లా లేదు, ఆదివారపు చాప లేదు. తంటెం చెట్టును చూపితే గుర్తుపట్టేవారూ అరుదు. పిల్లలు మచ్చను ఫోనులో పట్టి వైద్యునికి పంపుతున్నారు. పెద్దరోగానికి మందు సర్కారు దవాఖానలో ఉచితంగానే దొరికి, ఏడాది లోపలనే ముగుస్తున్నది. అయినా నాకు కనబడని చోట్లు నా ఒంటి మీద ఉన్నవి గనుక, ఏటేటా వానలు వెనుకబట్టిన తరువాత మనుమరాలి చేతికి ఒక ఈక ఇచ్చి కండ్లు మూసుకొంటాను.

మొన్న కూడా సబ్బు పక్కన పెట్టించి ఈక ఇచ్చాను. కొంతసేపు ఏమీ తెలియలేదు. "పెట్టినవా?" అన్నాను.

"ఇంక పెట్టలే ఆజీ" అన్నది ఆ పిల్ల.

మోచేతి వెనుక మెల్లగా ఏదో పాకింది. తాకిన చోట వేలు పెట్టి చూపించాను. ఆమె సరే అన్నది. నేను కండ్లు తెరువలేదు.

"మల్లొక్కసారి పెట్టు బిడ్డా" అన్నాను. "పెట్టినంక, పెట్టిన అని చెప్పు."